చేతిలోని ఫోను నడుస్తుండగా కొత్త మోడల్ కొనడానికి తగిన కారణం ఉందా?

రామగిరి వాసి, నల్లగొండ

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది 2021లో వచ్చిన మధ్యస్థాయి 5జీ ఫోను. ఆరు జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ. కాల్స్, వాట్సాప్, యూపీఐ చెల్లింపులు, బ్యాంకు యాప్, పిల్లల బడి గ్రూపులు, సెలవు రోజున చెర్వుగట్టుకో పానగల్లు గుడికో వెళ్తే నాలుగు ఫోటోలు, ఇదీ నా వాడకం. కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాటరీ సాయంత్రం దాకా నిలవడం లేదు. ఇంట్లో అందరూ కొత్తది కొనమంటున్నారు కనుక గడియారం సెంటర్ వైపు వెళ్లి దుకాణాలలో విచారించాను. 30 వేల రూపాయలు పెట్టి కొనే ఫోనుకూ నా చేతిలో ఉన్నదానికీ తేడా ఏమిటని అడిగితే మెగాపిక్సెళ్లు, ఏఐ అన్న మాటలు తప్ప నా రోజువారీ పనిలో ఏది మారుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తేడా నిజంగా ఉందా, ఉంటే ఎవరికి ఉంది అన్నది వాడినవారి నోట వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మిర్యాలగూడ బీటెక్

తేడా తప్పకుండా ఉంది సార్. బ్యాటరీనే తీసుకోండి. 2021లో 4,500 లేదా 5,000 ఎంఏహెచ్ ఉంటే పెద్ద బ్యాటరీ అనుకునేవాళ్లం. ఇప్పుడు సిలికాన్-కార్బన్ బ్యాటరీలు వచ్చాక దాదాపు అదే మందంలో 7,000 ఎంఏహెచ్ పడుతోంది. 2025లో మన దేశంలో విడుదలైన రియల్‌మీ జీటీ 7లో 7,000, వన్‌ప్లస్ 15లో 7,300 ఉంది. పొద్దున ఛార్జింగ్ తీసి మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఆలోచించకుండా తిరగగలగడం చిన్న విషయం కాదు.

రెండోది అప్‌డేట్ల కాలం. 2021 నాటి మధ్యస్థాయి ఫోన్లకు రెండు మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు వస్తే గొప్ప. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల హామీ ఇచ్చారు. గెలాక్సీ ఎ16 5జీ లాంటి తక్కువ ధర ఫోనుకు కూడా ఆరేళ్ల హామీ ఉంది. ఇప్పుడు ఒకసారి కొంటే మళ్లీ చాలాకాలం కొనే పని లేదు. పైగా ఏఐ డేటా సెంటర్లకు గిరాకీ పెరిగి 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకుతున్నాయి, ఆ భారం ఫోన్ల ధరల మీద పడుతోంది. ఆగితే మేలు జరుగుతుందన్న నమ్మకం నాకు లేదు.

సెల్ రిపేరు, నల్లగొండ

నేను పట్టణంలోనే ఫోన్లు బాగుచేస్తాను. ‘ఫోను ముసలిదైంది, మార్చేయాలి’ అని నా బల్ల మీద పెట్టే ఫోన్లలో ఎక్కువ వాటి సమస్యలు రెండే: అరిగిపోయిన బ్యాటరీ, నిండిపోయిన స్టోరేజీ.

లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42, 44 డిగ్రీలు ఉంటుంది. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కు ఫోను తగిలించి మ్యాపు పెట్టుకుని, దానికే ఛార్జింగ్ కూడా పెట్టేవాళ్లు ఉన్నారు. అలా రెండు వేసవులు గడిస్తే ఏ కంపెనీ బ్యాటరీ అయినా బలహీనపడుతుంది, ఒక్కోసారి ఉబ్బి వెనక మూతను పైకి లేపుతుంది. ఉబ్బినదాన్ని మాత్రం ఒక్క రోజు కూడా వాడకూడదు, గుచ్చకూడదు, నొక్కకూడదు. మిగిలిన సందర్భాల్లో కంపెనీ సర్వీస్ సెంటర్లో అసలు బ్యాటరీ వేయించుకుంటే కొత్త ఫోను ధరలో చిన్న భాగంతో పని తీరిపోతుంది. బయట దొరికే కాపీ బ్యాటరీల మీద ఎంత రాసి ఉన్నా లోపల అంత ఉండదు. నేను అమ్మే సరుకే అయినా ఈ మాట చెప్పక తప్పదు.

స్టోరేజీ సంగతి చాలామందికి తెలియదు. ఫ్లాష్ మెమరీలో పాత రాత మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ఒక గుత్తిని మొత్తం చెరిపి, ఖాళీ చేసుకుని రాయాలి. 128కి 125 జీబీ నింపి పెడితే దానికి మసలే చోటు ఉండదు, దాంతో ప్రతి పనీ నత్తనడక అవుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడిన శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు తీసేసి పదిహేను శాతం ఖాళీ ఉంచితే అదే ఫోను వేరుగా నడుస్తుంది. రామగిరి గారూ, ముందు ఈ రెండూ చేసి చూడండి.

నడిగడ్డ మాస్టారు, గద్వాల

సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ణి. కొత్త మోడళ్లలో మార్పు ఎందుకు పలచబడిందో చెప్పాలంటే ఒక ఉదాహరణ చాలు. 2021లో భారత్‌లో విడుదలైన గెలాక్సీ ఎ52ఎస్‌ను, 2025లో వచ్చిన గెలాక్సీ ఎ36ను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో స్నాప్‌డ్రాగన్ 778జీ చిప్, రెండోదానిలో స్నాప్‌డ్రాగన్ 6 జెన్ 3 చిప్. రెండింటిలోనూ వేగంగా పనిచేసే కోర్లు, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, ఒకే తరానివి: నాలుగు కార్టెక్స్ ఎ78లు. రెండింటికీ 120 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకు 120 సార్లు మారే) అమోలెడ్ తెర, కుదుపును సవరించే ప్రధాన కెమెరా, నీటి నుంచి ఐపీ67 రక్షణ ఉన్నాయి. పాతదానికి మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంది, కొత్తదానికి తీసేశారు. నాలుగేళ్ల తర్వాత కొనేవాడికి నిజంగా అదనంగా దక్కేది కాస్త పెద్ద బ్యాటరీ, వేగవంతమైన ఛార్జింగ్, ముందున్న అప్‌డేట్ల కాలం. ఇందులో మూడోది విలువైనదే, కాదనను. అయితే అది కొత్త ఫోను చేసే కొత్త పని కాదు, పాత ఫోనుకు ఇవ్వకుండా ఆపేసినది.

ఖరీదైన ఫోన్లలోనూ ఇదే ధోరణి. 2022 నాటి ఐఫోన్ 14లో పెట్టిన ఎ15 చిప్ అంతకు ముందు ఏడాది ఐఫోన్ 13 శ్రేణిలో వచ్చినదే. దీనికి కంపెనీల బద్ధకం ఒక్కటే కారణం కాదు. కెమెరాకు కావలసింది వెలుతురు. వెలుతురు ఎక్కువ పట్టాలంటే సెన్సారు పెద్దది కావాలి, దానికి తగ్గ లెన్సు సెన్సారుకు దూరంగా ఉండాలి. జేబులో పట్టే ఎనిమిది మిల్లీమీటర్ల పలకలో ఆ దూరం దొరకదు కనుకనే ఫోను వెనక కెమెరా గడ్డలు పొడుచుకొచ్చాయి. చిప్ విషయంలోనూ అంతే, వేగం పెంచితే పుట్టే వేడిని బయటికి పంపే దారి ఆ పలచని పలకలో లేదు. తొలి పదేళ్లలో చూసిన ఎదుగుదల ఇక ఏటేటా రాదు.

మిర్యాలగూడ బీటెక్

మాస్టారూ, మధ్యస్థాయి గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ అన్నీ ఒకే గాట కట్టకండి. 2025లో వచ్చిన ఐఫోన్ 17లో మామూలు మోడల్‌కే 120 హెర్ట్జ్ తెర, 256 జీబీ కనీస స్టోరేజీ ఇచ్చారు. ఐఫోన్ 11 వాడుతున్నవారికి అది స్పష్టమైన అడుగు.

నడిగడ్డ మాస్టారు, గద్వాల

ఆరేళ్ల ఫోను నుంచి మారేవారికి అడుగే, నాయనా. దాని ధర మన దేశంలో 82,900 రూపాయల దగ్గర మొదలైంది. ఆ మొత్తాన్ని నెలవారీ వాయిదాల మీద ఎత్తుకుని, వాయిదాలు తీరకముందే మరో మోడల్ వైపు చూసే యువకులను మా ఊళ్లోనే చూస్తున్నాను, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. ఇంకో మాట కూడా. ఆపిల్ తానే ప్రకటించే పర్యావరణ నివేదికల ప్రకారం ఒక ఐఫోన్ జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాలలో దాదాపు 80 శాతం దాని తయారీలోనే పుడతాయి. ఉన్న ఫోనును మరో రెండేళ్లు వాడటం కంటే మేలైన పర్యావరణ చర్య ఈ విషయంలో మన చేతిలో లేదు.

రామగిరి వాసి, నల్లగొండ

ఎంతో వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. స్టోరేజీ ఖాళీ చేశాను, తేడా వెంటనే తెలిసింది. బ్యాటరీ కోసం సర్వీస్ సెంటర్లో అడిగాను, వేస్తామన్నారు. ఇక మిగిలిన భయం ఒక్కటే. అప్‌డేట్లు ఆగిన ఫోనులో బ్యాంకు యాప్ ఉంచుకోవడం క్షేమమేనా?

బ్యాంకు కౌంటర్, మహబూబ్‌నగర్

ఈ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది డబ్బుతో ముడిపడినది.

ముందుగా ‘ఆండ్రాయిడ్ వెర్షన్’, ‘సెక్యూరిటీ ప్యాచ్’ (భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్) రెండూ వేర్వేరు అని గమనించండి. కొత్త వెర్షన్ రాకపోయినా ఫోనుకు ప్యాచ్‌లు వస్తూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కనిపిస్తుంది. అది కొద్ది నెలల కిందటిదైతే కంగారు అక్కర్లేదు. ఏడాది దాటితే ఆలోచన మొదలుపెట్టాలి. రెండు మూడేళ్లు దాటిన ఫోనులో బ్యాంకు యాప్ ఉంచమని నేనైతే ఎవరికీ చెప్పను. ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలోని కొన్ని భాగాలను గూగుల్ నేరుగా ప్లే ద్వారా సరిచేస్తోంది కనుక పాత ఫోను పూర్తిగా దిక్కులేనిది కాదు, కానీ చిప్‌కూ, టవరుతో మాట్లాడే మోడెమ్‌కూ సంబంధించిన లోపాలు ఆ దారిలో సరికావు.

అయితే మా కౌంటర్ ముందు కన్నీళ్లతో నిలబడినవారిలో ఎక్కువమంది సొమ్ము పోగొట్టుకున్నది పాత ఫోను వల్ల కాదు. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను ఫోనులో వేసే ఫైలు) నొక్కి, అది అడిగిన ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చేయడం వల్ల. ఆ అనుమతి ఇచ్చాక ఓటీపీలు అవతలివాడికి చేరుతాయి. లక్ష రూపాయల ఫోనులోనైనా అదే జరుగుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వేసిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ (తెర మీదిది చదివి, మన బదులు నొక్కగలగడం) వంటి ప్రమాదకరమైన అనుమతులు సులభంగా దొరకకుండా అడ్డుగోడ పెట్టారు. పాత వెర్షన్ నుంచి మారడానికి నా దృష్టిలో ఇది నిజమైన కారణం. సొమ్ము పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాల మీద ఖాతాలు దాటిపోతుంది.

రామగిరి గారూ, మీ ప్యాచ్ తేదీ చూసి చెప్పండి.

రామగిరి వాసి, నల్లగొండ

చూశాను, ఏడాది ఇంకా నిండలేదు. వెర్షన్ ఆండ్రాయిడ్ 14. బ్యాటరీ మార్పించి మరో ఏడాది వాడతాను. పెద్ద మొత్తం ఉన్న ఖాతాను మాత్రం ఈ ఫోనులో యూపీఐకి కలపకుండా, చిల్లర ఖర్చుల ఖాతా ఒక్కటే ఉంచుతాను.

అంగన్‌వాడీ టీచర్, నాగర్‌కర్నూల్ జిల్లా

సార్లందరూ పాత ఫోనే చాలునని అంటున్నారు కాబట్టి మా పరిస్థితి కూడా చెప్పాలనిపించింది. మాకు ఫోను అంటే పలక, రిజిస్టరు, కొలబద్ద అన్నీ అదే. పిల్లల బరువు, ఎత్తు, హాజరు పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి లబ్ధిదారుల ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. మూడు జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో కెమెరా తెరుచుకునేసరికి వెనక యాప్ మూసుకుపోతుంది, మళ్లీ మొదటి నుంచి నింపాలి. చంకలో బిడ్డతో తల్లి ఎదురుగా నిలబడి ఉంటుంది, పొలం పనికి ఆలస్యమవుతోందని ఆమె తొందర ఆమెది. చీకటి గదిలో ముఖం పట్టదు, బయటికి తీసుకురమ్మంటాం. ఇది ఫోను ముచ్చట కోసం మార్చడం కాదు. యాప్ బరువు పెరిగింది, ఫోను బలం పెరగలేదు. ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటోలు ఎక్కించే మేట్లదీ (కూలీల పని చూసేవారు) ఇదే బాధ. ఆరు జీబీ ర్యామ్, వెలుతురు తక్కువైనా పట్టే ముందు కెమెరా, ఇవి ఉంటే చాలు. అంతకంటే పైవి మాకు అవసరం లేదు. ఆ ఖర్చు మా జేబు నుంచి కాకుండా పని చేయించుకునేవారి నుంచి రావాలన్నది వేరే పెద్ద విషయం, కానీ అది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

మిర్యాలగూడ బీటెక్

అమ్మా, మీరు రాసింది చదివాక ఒక్కటి చెప్పాలనిపించింది. ర్యామ్ ఎంత ఉందో చూసినట్టే స్టోరేజీ రకం కూడా చూడండి. తక్కువ ధర ఫోన్లలో ఈఎంఎంసీ అనే పాత రకం వాడతారు, యూఎఫ్ఎస్ రకం దానికంటే చాలా వేగం. ‘ఆరు ప్లస్ ఆరు జీబీ’ అని పెట్టె మీద రాసి ఉంటే రెండో ఆరు నిజమైన ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడటం మాత్రమే. మొదటి అంకెనే లెక్కలోకి తీసుకోండి.

అమ్రాబాద్ నుంచి

మా నల్లమల వైపు సంగతి వేరు. మన్ననూరు దాటి లోపలికి వెళ్తే పెంటలలో, అంటే చెంచుల గూడేలలో, సిగ్నల్ అన్నదే పెద్ద మాట. మా దగ్గర ఫోను మార్చాలా వద్దా అన్నది చిప్‌ను బట్టి కాదు, బ్యాండును (టవరూ ఫోనూ మాట్లాడుకునే తరంగాల శ్రేణి) బట్టి తేలుతుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి కేటాయించిన వాటిలో 700 మెగాహెర్ట్జ్ ఉంది, దాన్నే బ్యాండు 28 అంటారు. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి చెట్లూ గుట్టలూ ఉన్నచోట ఎక్కువ దూరం వస్తుంది. కానీ కొన్ని పాత 4జీ ఫోన్లలో ఆ బ్యాండు లేదు. టవరు పక్కనే ఉన్నా ఫోను దాన్ని ఆ బ్యాండులో పట్టుకోలేదు. జియో 5జీకి కూడా 700 మెగాహెర్ట్జ్ ఉంది, 5జీలో దాన్ని ఎన్28 అంటారు. 2020, 21లో హడావిడిగా వచ్చిన కొన్ని తొలి 5జీ ఫోన్లకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ఎన్78 లాంటి ఒకటి రెండు బ్యాండులే ఇచ్చారు. అలాంటి ఫోనుకు రోడ్డు మీద 5జీ కనబడి ఇంట్లోకి రాగానే పోవచ్చు. కాబట్టి కొనేవారు కెమెరా కాగితం కంటే ముందు బ్యాండుల జాబితా చదవాలని నా విన్నపం.

సెల్ రిపేరు, నల్లగొండ

అమ్రాబాద్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. సిగ్నల్ బలహీనంగా ఉంటే మోడెమ్ టవరు కోసం గట్టిగా వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. బ్యాటరీ పోయిందనుకుని మార్పించుకున్నా ఆ సమస్య తీరదు.

పుట్టపాక మగ్గం

మేము తేలియా రుమాలు అనే ఇక్కత్ నేతలో గుడ్డలు, చీరలు నేస్తాం. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక వాట్సాప్‌లో ఫోటోలు చూసి అడిగేవాళ్లు పెరిగారు. మా ఎరుపు ఫోటోలో మండిపోతుంది, నలుపు నీలంగా కనబడుతుంది. అందిన చీర చూసి ‘ఫోటోలో వేరుగా ఉంది’ అని కొందరు వెనక్కి పంపారు కూడా. మంచి కెమెరా ఫోను కొందామని డబ్బు కూడబెడుతున్నాను. 108 మెగాపిక్సెళ్లు, 200 మెగాపిక్సెళ్లు అంటున్నారు, దానివల్ల రంగు సరిగ్గా వస్తుందా?

నడిగడ్డ మాస్టారు, గద్వాల

మెగాపిక్సెళ్లకూ రంగుకూ సంబంధం లేదు. మామూలుగా ఫోటో తీసినప్పుడు 50 మెగాపిక్సెళ్ల కెమెరా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది. 108 అయితే తొమ్మిదేసి కలిపి పన్నెండే. రంగు మారడానికి కారణం ఫోను వెలుతురును తప్పుగా అంచనా వేయడం, ఆపైన కళ్లకు ఇంపుగా ఉండాలని రంగులను తానే పెంచడం. మాకూ గద్వాల చీరల ఫోటోలతో ఇదే ఇబ్బంది. ట్యూబులైటు ఆపేయండి. పొద్దున తొమ్మిది పది మధ్య వరండా నీడలో గుడ్డను పరచండి, నేరు ఎండ తగలకూడదు. లెన్సు తుడవండి. కెమెరాలో ఏఐ, ఫిల్టరు ఆపేయండి. గుడ్డ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, ప్రో మోడ్‌లో (కెమెరా అమరికలు మనమే మార్చుకునే పద్ధతి) ఆ కాగితం తెల్లగా కనబడేదాకా వైట్ బ్యాలెన్స్ జరపండి. ఇవన్నీ మీ చేతిలోని ఫోనుతోనే అవుతాయి. ఎంత చేసినా కొనుగోలుదారు ఫోను తెర తన తీరులో రంగు చూపిస్తుంది, అందుకని దూరపు బేరాలకు చిన్న నూలు ముక్క పోస్టులో పంపడం మంచిది. మీరు కూడబెట్టిన డబ్బు నూలుకు పెట్టుకోండి తమ్ముడూ.

పుట్టపాక మగ్గం

వరండాలో తీసి చూశాను మాస్టారూ. ఎరుపు దగ్గరగా వచ్చింది, నలుపు ఇంకా కొంచెం తేలుతోంది.

నడిగడ్డ మాస్టారు, గద్వాల

గుడ్డ నల్లగా ఉంటే ఫోను దాన్ని చీకటి అనుకుని వెలుతురు పెంచుతుంది. తెర మీద నలుపును వేలితో నొక్కి పట్టుకుంటే పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందికి జరపండి.

జడ్చర్ల కొత్త సభ్యుడు

నాన్న ఫోను తెర పూర్తిగా పగిలింది. కొత్త డిస్‌ప్లే ధర చెబితే ఆ ఫోను మీద పెట్టడం దండగ అనిపించింది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. రెండేళ్ల కిందటి మంచి మోడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

సెల్ రిపేరు, నల్లగొండ

తీసుకోవచ్చు, కొత్త చవక ఫోను కంటే రెండేళ్ల కిందటి మంచి మోడలే చాలాసార్లు మేలు. అయితే అప్‌డేట్ల హామీ మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మొదట విడుదలైన రోజు నుంచి లెక్క. ఆరేళ్ల హామీ ఉన్న ఫోనును రెండేళ్ల తర్వాత కొంటే మీకు మిగిలేది నాలుగే.

డబ్బు ఇచ్చేముందు *#06# నొక్కండి, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) వస్తుంది. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆ నంబరు టైపు చేసి 14422కి మెసేజ్ పంపండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా చూసుకోవచ్చు. బ్లాక్ అయినట్టు వస్తే అది పోయినదో దొంగిలించినదో, ముట్టుకోకండి. మన పోలీసులు ఆ వ్యవస్థ ద్వారానే పోయిన ఫోన్లు పట్టి సొంతదారులకు అప్పగిస్తున్నారు. అమ్మేవారి గూగుల్ ఖాతా మీ ఎదుటే తీయించి, రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరుచుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఖాతా తీయకుండా రీసెట్ చేసిన ఫోను పాత ఖాతా వివరాలు అడిగి ఆగిపోతుంది, అప్పుడు నేనూ ఏమీ చేయలేను. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. ఎండలోకి తీసుకెళ్లి తెర మీద గీతలు, చీకట్లో పచ్చటి మరకలు ఉన్నాయేమో చూడండి. ఛార్జర్ పెట్టి పది నిమిషాలు పట్టుకుని చూడండి, విపరీతంగా వేడెక్కితే వదిలేయండి.

నాన్నగారి పాత ఫోనును పారేయకండి. తెర పగిలినా లోపలి ఫోటోలు, నంబర్లు తీసుకోవడానికి అవకాశం ఉంది. ఓటీజీ వైరుతో మౌస్ తగిలించి తెరిస్తే చాలాసార్లు పని అవుతుంది. అసలు ఏమీ కనబడకపోతే మా దగ్గరికి తీసుకురండి, తాత్కాలికంగా ఒక తెర తగిలించి డేటా తీసి ఇస్తాను.